కంప్యూటర్ సందేహాలు: బాణం ఉన్న బొమ్మ, బాణం లేని బొమ్మ

ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు డెస్క్‌టాప్ చుట్టే తిరిగాయి. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాం. జవాబులు విండోస్ 10, 11 రెండింటికీ పనికొస్తాయి. విండోస్ 11లో మౌస్ కుడి బటన్ నొక్కితే పొట్టి మెనూ వస్తుంది. మేం చెప్పిన మాట అందులో కనిపించకపోతే అడుగున ఉన్న ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కండి. షిఫ్ట్ పట్టుకుని కుడి బటన్ నొక్కినా పాత పొడుగు మెనూ నేరుగా వస్తుంది.

ప్ర: మాది రైసుమిల్లు. ఆఫీసు కంప్యూటర్లో డెస్క్‌టాప్ మీద నూటయాభైకి పైగా ఐకాన్లున్నాయి. ట్యాలీ, వేబ్రిడ్జి ప్రోగ్రాం, లారీ బిల్లుల ఎక్సెల్ షీట్లు, స్కాన్ చేసిన ట్రక్ షీట్లు అన్నీ కలగాపులగం అయ్యాయి. సేటు ‘అన్నీ తీసేయ్’ అంటున్నారు. తీస్తే ప్రోగ్రాములు పోతాయేమోనని భయం. ఎక్కడ మొదలుపెట్టాలి?
— గుమస్తా, మిర్యాలగూడ

జ: ఏదీ తీయకముందు ప్రతి ఐకాన్‌కు ఎడమవైపు కింది మూల చూడండి. అక్కడ చిన్న వంపు బాణం ఉంటే అది షార్ట్‌కట్. అంటే అసలు వస్తువు కాదు, అది ఎక్కడుందో రాసిపెట్టిన చిరునామా చీటీ. సైజు కూడా కొద్ది కేబీలే. చీటీ చించినంత మాత్రాన ఇల్లు కూలదు. ట్యాలీ ఐకాన్ మీద బాణం ఉంటే దాన్ని డిలీట్ చేసినా ట్యాలీ ఎక్కడికీ పోదు, స్టార్ట్ మెనూలో అలాగే ఉంటుంది. బాణం లేనిది మాత్రం అసలు సామాను. ఎక్సెల్ షీటయినా, స్కాన్ చేసిన కాగితమైనా, ఫోల్డరయినా డిలీట్ చేస్తే నిజంగానే రీసైకిల్ బిన్‌లోకి పోతుంది.

నూటయాభైలో ఏవి చీటీలో, ఏవి సామానో ఒక్కొక్కటిగా చూసే పని లేదు. ఖాళీ చోట కుడి బటన్ నొక్కి ‘సార్ట్ బై’లో ‘ఐటెం టైప్’ ఎంచుకోండి. షార్ట్‌కట్లన్నీ ఒక గుంపుగా, ఎక్సెల్ ఫైళ్లు ఒక గుంపుగా, పీడీఎఫ్‌లు ఒక గుంపుగా చేరతాయి. షార్ట్‌కట్లలో రోజూ వాడేవి ఏడెనిమిది ఉంచి మిగతావి తీసేయండి.

సామాను సంగతికొద్దాం. డి డ్రైవ్‌లో ‘మిల్లు’ అని ఒక ఫోల్డర్ చేసి, అందులో సీజన్ వారీగా ‘2024-25 వానాకాలం’, ‘2024-25 యాసంగి’ అని పెట్టుకోండి. మిల్లు లెక్కలు సీజన్‌తోనే నడుస్తాయి కాబట్టి నెలల వారీగా చేసినదానికన్నా ఇదే తొందరగా దొరుకుతుంది. ప్రతి సీజన్‌లో ‘లారీ బిల్లులు’, ‘ట్రక్ షీట్లు’, ‘బ్యాంక్’ అని మూడు నాలుగు చాలు. అంతకు మించి అరలు చేస్తే ఏది ఎందులో పెట్టాలో తేలక మళ్లీ డెస్క్‌టాప్ మీదే పడేస్తారు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. డెస్క్‌టాప్ ఉండేది సి డ్రైవ్‌లో. అక్కడినుంచి డి డ్రైవ్ ఫోల్డర్‌లోకి మౌస్‌తో లాగి వదిలితే ఫైలు జరగదు, ఇంకో కాపీ తయారవుతుంది. డ్రైవ్ మారితే విండోస్ పద్ధతి అదే. మీరు జరిగిందనుకుని కొత్తదాంట్లో లెక్కలు రాస్తారు, పక్క గుమస్తా డెస్క్‌టాప్ మీది పాతదాంట్లో రాస్తాడు. నెలాఖరుకు రెండు లెక్కలు. కాబట్టి లాగడం మానేసి కంట్రోల్, ఎక్స్‌తో కట్ చేసి, అక్కడ కంట్రోల్, వితో పేస్ట్ చేయండి. లాగాలనుకుంటే షిఫ్ట్ పట్టుకుని లాగండి, అప్పుడు నిజంగా జరుగుతుంది. ఒక ఎక్సెల్ షీటులోంచి ఇంకో షీటుకు లెక్క లింకు పెట్టి ఉంటే ఆ రెండింటినీ కలిపే ఒకే ఫోల్డర్‌లోకి తీసుకెళ్లండి.

సర్దాక ‘మిల్లు’ ఫోల్డర్‌ను ఆల్ట్ కీ పట్టుకుని డెస్క్‌టాప్ మీదికి లాగండి. ఆల్ట్‌తో లాగితే కాపీ కాదు, షార్ట్‌కట్ తయారవుతుంది. ఇక సామాను డి డ్రైవ్‌లో, చీటీ డెస్క్‌టాప్ మీద. రేపు మెకానిక్ వచ్చి సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేసినా బిల్లులు పోవు. అయితే రెండు డ్రైవ్‌లూ ఒకే హార్డ్ డిస్క్ ముక్కలైతే డిస్క్ చెడినప్పుడు రెండూ పోతాయి. పెన్‌డ్రైవ్‌లోనో వేరే డిస్కులోనో వారానికోసారి కాపీ తీయడం తప్పదు.

వేబ్రిడ్జి ప్రోగ్రాం దగ్గర మాత్రం ఆగండి. దాని ఐకాన్ మీద బాణం లేకపోతే ప్రోగ్రాం డెస్క్‌టాప్ మీదనుంచే నడుస్తోందని అర్థం. తూకాల డేటా కూడా పక్కనే ఏదో ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని కదిలిస్తే ప్రోగ్రాం తెరుచుకోదు, తెరుచుకున్నా పాత తూకాలు కనిపించవు. ప్రోగ్రాం ఇచ్చినవాళ్లను పిలిపించి సరైన చోటికి మార్పించండి. దీనికి తిరగేసిన పొరపాటు ఇంకొకటుంది. ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోంచి ప్రోగ్రాం ఫైలు ఒక్కదాన్ని కాపీ చేసి డెస్క్‌టాప్ మీద అతికిస్తారు. అది నొక్కితే ఏదో ‘డీఎల్‌ఎల్ లేదు’ అంటుంది. ప్రోగ్రాంకు కావలసిన తోటి ఫైళ్లన్నీ పాత ఫోల్డర్‌లోనే ఉండిపోవడం దానికి కారణం. అతికించాల్సింది ఫైలును కాదు, దాని షార్ట్‌కట్‌ను: ఫైలు మీద కుడి బటన్, ‘సెండ్ టు’, ‘డెస్క్‌టాప్, క్రియేట్ షార్ట్‌కట్’.

ప్ర: మా పిల్లగాడు ఏం ఒత్తిండో ఏమో, డెస్క్‌టాప్ మీద ఒక్క బొమ్మ గూడ లేదు. ఉత్త గోడబొమ్మనే కనపడుతున్నది. అన్ని పోయినట్టేనా?
— గృహిణి, వనపర్తి

జ: ఏమీ పోలేదమ్మా. ఖాళీ చోట కుడి బటన్ నొక్కి, ‘వ్యూ’లో ‘షో డెస్క్‌టాప్ ఐకాన్స్’ పక్కన టిక్ పెట్టండి. అన్నీ తిరిగొస్తాయి. ఆ టిక్ తీస్తే బొమ్మలు కనిపించకుండా పోతాయే తప్ప ఏదీ డిలీట్ కాదు.

కుడి బటన్ నొక్కినా మెనూ రాకుండా, కింది టాస్క్‌బార్ కూడా లేకపోతే అది వేరే సంగతి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ‘రన్ న్యూ టాస్క్’ నొక్కి, ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ చేయండి.

ప్ర: నల్లగొండలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖల ఫైళ్లు, ఫొటోలు డెస్క్‌టాప్ మీద గుట్టగా ఉంటే ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేశాను. అప్పటినుంచి పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో ఫైలు తెరిస్తే ఫొటో ఎక్కడుందని అడుగుతోంది. వదిలేస్తే ప్రింటు మసకగా వస్తోంది. ఇంకో సంగతి, ఫోల్డర్లకు అను ఫాంటుతో తెలుగు పేర్లు పెడదామంటే పిచ్చి గీతలు వస్తున్నాయి.
— డీటీపీ ఆపరేటర్, నల్లగొండ

జ: మొదటిదానికి కారణం పేజ్‌మేకర్ పని తీరు. పెద్ద ఫొటోను మీరు పేజీలో పెట్టినప్పుడు అది మొత్తాన్నీ ఫైల్లో దాచుకోదు. తెరమీద చూపించడానికి ఒక చిన్న నమూనా ఉంచుకుని, అసలు ఫొటో ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ దారి రాసుకుంటుంది. ప్రింటు ఇచ్చినప్పుడు ఆ దారిలో వెళ్లి అసలు ఫొటో తెచ్చుకుంటుంది. మీరు ఫొటోను కదిపారు, దారి తెగింది. అడిగినప్పుడు పట్టించుకోకపోతే ఆ చిన్న నమూనానే ప్రింటు చేస్తుంది, అదే మసక.

పాడైన ఫైళ్లను బాగుచేయడానికి ఫైల్ మెనూలో ‘లింక్స్ మేనేజర్’ తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, డి నొక్కినా వస్తుంది. లింకు తెగిన ఫొటో పేరు పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని ‘ఇన్ఫో’ నొక్కి కొత్త ఫోల్డర్‌లో ఉన్న ఫొటోను చూపించండి. ఒక్కో ఫొటోకు ఒకసారి చేయాలి, తప్పదు.

ఇకముందు ఫైళ్లను రకం చూసి విడదీయకండి. ఫొటోలన్నీ ఒకచోట, పేజీలన్నీ ఒకచోట అనే పద్ధతి డీటీపీ పనికి అచ్చిరాదు. పనికో ఫోల్డర్ పెట్టుకోండి. ఒక పెళ్లి శుభలేఖ అంటే పేజీ ఫైలు, వధూవరుల ఫొటోలు, దేవుడి బొమ్మ, కుటుంబ సభ్యుల పేర్ల జాబితా అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. పాత పని ఒకటి డెస్క్‌టాప్ మీద చెల్లాచెదరుగా ఉంటే పేజ్‌మేకర్లో తెరిచి ‘సేవ్ యాజ్’ ఇవ్వండి. ఆ పెట్టెలో ‘కాపీ’ అన్నచోట ‘ఆల్ లింక్డ్ ఫైల్స్’ ఎంచుకుని కొత్త ఫోల్డర్ చూపిస్తే, లింకు ఉన్న ఫొటోలన్నిటినీ తనే ఏరుకొచ్చి అక్కడ పెడుతుంది. వేరే ప్రెస్సుకు పంపాల్సిన పనులకూ ఇదే మార్గం.

ఇక రెండోది. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం ఉండదు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూనే, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారు. పేజీలో ఫాంటు మార్చుకుంటారు కాబట్టి తెలుగు కనిపిస్తుంది. ఫోల్డర్ పేరుకు మీరు ఫాంటు ఎంచలేరు. విండోస్ తన సొంత ఫాంటులోనే చూపిస్తుంది, అప్పుడు లోపలి గుర్తులు బయటపడతాయి. పేర్లకు, లోపల కూడా తెలుగు అక్షరమే ఉండే యూనికోడ్ తెలుగే వాడాలి. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’కు వెళ్లి తెలుగు చేర్చుకుంటే, విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కి కీబోర్డు మార్చుకోవచ్చు.

ఇంత చెప్పాక కూడా మీకు మా సలహా వేరు. పేజ్‌మేకర్ ఫైళ్లు ఉండే ఫోల్డర్లకు తెలుగు పేర్లు పెట్టకండి. పేజ్‌మేకర్ యూనికోడ్ రాకముందటి తరహా ప్రోగ్రాం. దారిలో ఒక్క ఫోల్డర్ పేరు తెలుగులో ఉన్నా ఆ ఫైలు తెరవలేక తిప్పలు పెడుతుంది. బిల్లులు, రసీదుల ఫోల్డర్లకు తెలుగు పెట్టుకోండి. పనుల ఫోల్డర్లకు తేదీ, ఇంగ్లిష్‌లో ఇంటిపేరు చాలు. తేదీని ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు వేసి 2025-02-14 లాగా రాయండి. పేరు వరసలో పెట్టగానే కాలక్రమం దానంతటదే వస్తుంది.

ప్ర: బడిలో ప్రొజెక్టర్ తగిలించిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ ఐకాన్లు చెదిరిపోతున్నాయి. పాఠాలవారీగా పెట్టుకున్న వరుస పోతోంది. తీసేశాక కూడా పాత చోటికి రావడం లేదు.
— ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జ: పాత ప్రొజెక్టర్లలో చాలావాటికి తెర 1024×768 చుక్కలే. మీ ల్యాప్‌టాప్ 1366×768 అనుకుందాం. రెండింటిలో ఒకే బొమ్మ చూపించమన్నప్పుడు ల్యాప్‌టాప్ కూడా 1024కు తగ్గుతుంది. అడ్డంగా 342 చుక్కల జాగ పోయింది. ఆ జాగలో ఉన్న ఐకాన్లను విండోస్ ఎడమవైపు ఖాళీల్లోకి నెడుతుంది. ప్రొజెక్టర్ తీశాక కొత్త చోట్లే వాటి చోట్లని అనుకుంటుంది.

విండోస్ కీ, పి కలిపి నొక్కి ‘డూప్లికేట్’ బదులు ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. ల్యాప్‌టాప్ తెర తగ్గదు, ఐకాన్లు కదలవు. పాఠం కిటికీని మాత్రం విండోస్ కీ, షిఫ్ట్, కుడి బాణం నొక్కి ప్రొజెక్టర్ మీదికి పంపాలి. ఇంకో లాభం, పిల్లలకు మీ డెస్క్‌టాప్ కనిపించదు. ఇది ఇబ్బందనిపిస్తే ఐకాన్లను ఎడమ అంచున రెండు మూడు నిలువు వరుసల్లోనే ఉంచండి, నెట్టడానికి ఏమీ ఉండదు. డెస్క్‌టాప్‌ఓకే అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఐకాన్ల చోట్లను రాసిపెట్టుకుని, అడిగినప్పుడు మళ్లీ అక్కడే పెడుతుంది. అయితే పాఠాలన్నీ డెస్క్‌టాప్ మీదే పరిచి ఉంటే తరగతికో ఫోల్డర్ చేసి, లోపల పాఠాలకు 1, 2, 3 అని అంకె ముందు పెట్టడమే నయం. ఫోల్డర్ కిటికీలో వరుస ఏ తెర తగిలించినా మారదు. విండోస్ అంకెల విలువ చూసి వరుస పెడుతుంది కాబట్టి 10 అనేది 2 కన్నా ముందుకు రాదు.

ప్ర: పెన్‌డ్రైవ్ జిరాక్స్ సెంటర్లో పెట్టి తెచ్చాక ఫైళ్లన్నీ షార్ట్‌కట్లయ్యాయి. నొక్కితే కొన్ని తెరుచుకుంటున్నాయి, కొన్ని లేదు. డిగ్రీ ప్రాజెక్టు అందులోనే ఉంది.
— విద్యార్థి, జడ్చర్ల

జ: ఇక ఒక్కదాన్నీ నొక్కకండి. పైన షార్ట్‌కట్ అంటే చిరునామా చీటీ అన్నాం. ఇక్కడ ఆ చీటీ మీద మీ ఫైలు చిరునామాతో పాటు వైరస్ చిరునామా కూడా రాసి ఉంది. నొక్కినప్పుడు ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత మీకు అనుమానం రాకుండా ఫైలు తెరుస్తుంది. అలా తెరుచుకున్నవి ఉన్నాయంటే మీ కంప్యూటర్‌కూ అంటిందని అనుకోవాలి.

ప్రాజెక్టు మాత్రం చాలావరకు భద్రంగానే ఉంటుంది. ఈ రకం వైరస్ అసలు ఫైళ్లను చెరపదు, దాచిపెడుతుంది. ఫైలుకు ‘హిడెన్’, ‘సిస్టమ్’ అని రెండు ముద్రలు వేస్తుంది. మామూలుగా దాచిన ఫైలయితే ప్రాపర్టీస్‌లో ‘హిడెన్’ టిక్ తీస్తే సరిపోతుంది. సిస్టమ్ ముద్ర కూడా ఉంటే ఆ టిక్ బూడిద రంగులో ఉండి కదలదు. అందుకే నల్ల కిటికీలో (కమాండ్ ప్రాంప్ట్‌లో) ఆజ్ఞ ఇవ్వాల్సి వస్తుంది.

ముందు కంప్యూటర్ శుభ్రం చేయాలి, లేకపోతే పెన్‌డ్రైవ్ బాగుచేసిన మరుక్షణం మళ్లీ అంటుతుంది. పెన్‌డ్రైవ్ తీసేసి, విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’, ‘స్కాన్ ఆప్షన్స్’కు వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి ఓ పావుగంట స్కాన్ చేస్తుంది. తెరిచి ఉన్న పనులు ముందే సేవ్ చేసుకోండి.

తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి దాని అక్షరం చూసుకోండి, ఇ అనుకుందాం. విండోస్ కీ, ఆర్ నొక్కి, సి, ఎం, డి అని కొట్టి ఎంటర్ చేస్తే నల్ల కిటికీ వస్తుంది. అందులో ఏ, టి, టి, ఆర్, ఐ, బి అని ఆరు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి ఖాళీ వదలండి. అడ్డగీత హెచ్, ఖాళీ, అడ్డగీత ఆర్, ఖాళీ, అడ్డగీత ఎస్, ఖాళీ. తర్వాత ముందుకు వాలిన గీతతో ఎస్, ఖాళీ, అదే గీతతో డి, ఖాళీ. చివర ఇ, కోలన్, వెనక్కి వాలిన గీత, స్టార్ గుర్తు, చుక్క, స్టార్ గుర్తు. ఎంటర్. అడ్డగీతకు అర్థం ‘ఈ ముద్ర తీసేయ్’ అని. ఖాళీలు వదలడం మరిచిపోవడమే ఇక్కడ జరిగే తప్పు.

ఇప్పుడు అసలు ఫైళ్లు షార్ట్‌కట్ల పక్కనే కనిపిస్తాయి. కొన్ని వైరస్‌లు ఫైళ్లన్నీ ఊడ్చి పేరే లేని ఒక ఫోల్డర్‌లో వేస్తాయి, అది కనిపిస్తే లోపల చూడండి. ‘వ్యూ’లో ‘డీటెయిల్స్’ పెట్టి టైప్ గడి చూస్తే నకిలీ ఏదో తేలుతుంది. ఫైలు పేర్ల తోకలు (ఎక్స్‌టెన్షన్లు) చూపించమని సెట్టింగ్ పెట్టినా షార్ట్‌కట్ తోకను విండోస్ చూపించదు, టైప్ గడిలోనే ‘షార్ట్‌కట్’ అని ఉంటుంది. ప్రాజెక్టు ఫైళ్లు మాత్రమే కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. ప్రింటు కోసమైతే ఫైలును పీడీఎఫ్‌గా మార్చి మెయిల్‌లో పంపితే పెన్‌డ్రైవ్ పెట్టే అవసరమే రాదు.

ప్ర: ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. సైట్లకు డెస్క్‌టాప్ మీద ఐకాన్లు పెట్టుకున్నాను. భూమి రికార్డుల సైటు ధరణి ఐకాన్ పనికిరాకుండా పోయింది. ఒక కస్టమర్ లాగిన్ ఇంకో కస్టమర్‌కు తెరుచుకుంటోంది కూడా. ఏం చేయాలి?
— నిర్వాహకుడు, కల్వకుర్తి

జ: ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది కదా, చిరునామా మారింది. పాత ఐకాన్ తీసేయనక్కరలేదు. దానిమీద కుడి బటన్, ‘ప్రాపర్టీస్’, ‘వెబ్ డాక్యుమెంట్’లో పాత చిరునామా చెరిపి కొత్తది రాసి, తర్వాత పేరు మార్చండి. కొత్త సైటుకు ఐకాన్ కావాలంటే సైటు తెరిచి, చిరునామా గడిలో ఎడమ చివరనున్న గుర్తును పట్టుకుని డెస్క్‌టాప్ మీదికి లాగితే చాలు. వెతుకులాటలో పైకొచ్చిన లింకునల్లా నమ్మి ఐకాన్ చేయకండి. ప్రభుత్వ సైటు పేర్లతో ప్రైవేటు పేజీలు చాలా ఉంటాయి, చిరునామా చివర డాట్ గవ్ డాట్ ఇన్ లాంటి ప్రభుత్వ తోక ఉందో లేదో చూసుకోండి.

రెండోదే అసలు సమస్య. ఒకరు లాగ్అవుట్ కాకుండా లేచిపోతే బ్రౌజర్ వాళ్లను గుర్తుపెట్టుకుంటుంది. మూయగానే లాగిన్లు మరిచిపోయే ‘ఇన్‌కాగ్నిటో’ కిటికీలో పని చేయించాలి. దానికి షార్ట్‌కట్‌లోనే మందుంది. క్రోమ్ ఐకాన్‌కు ఇంకో కాపీ చేసుకోండి. దాని ‘ప్రాపర్టీస్’లో ‘టార్గెట్’ గడిలో ఉన్నదేదీ చెరపకుండా చివరికి వెళ్లండి. అక్కడుండే కొటేషన్ గుర్తు బయట ఒక ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు, వాటికి ఆనుకుని ఇన్‌కాగ్నిటో అని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో రాయండి. ఇంకో ఖాళీ వదిలి సైటు చిరునామా రాస్తే నేరుగా ఆ సైటే తెరుచుకుంటుంది. కొటేషన్ గుర్తు లోపల రాస్తే ‘ఈ పేరు సరికాదు’ అని విండోస్ ఒప్పుకోదు. ఎడ్జ్ వాడేవాళ్లు ఇన్‌కాగ్నిటో బదులు ఇన్‌ప్రైవేట్ అని రాయాలి. ఒక కస్టమర్ పని కాగానే ఆ కిటికీలన్నీ మూయండి. ఒక్కటి తెరిచి ఉన్నా లాగిన్ బతికే ఉంటుంది.

అయితే అలా తెరిచినా డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. ఆధార్, పట్టాదార్ పాస్‌బుక్ స్కాన్లు డెస్క్‌టాప్ మీద పరిచి ఉన్న సెంటర్లు తక్కువేం కాదు, ఇది ఊరందరి కాగితాలూ అరుగు మీద ఆరేసినట్టే. ‘ఈరోజు’ అని ఒకే ఫోల్డర్ పెట్టి స్కానర్‌నూ, బ్రౌజర్ డౌన్‌లోడ్‌లనూ అందులోకే మళ్లించండి. రాత్రి మూసేముందు అందులో అన్నీ ఎంచుకుని షిఫ్ట్, డిలీట్ నొక్కండి. ఉత్త డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లో మిగిలిపోతాయి.

ప్ర: డెస్క్‌టాప్ ఫైళ్ల మీద ఆకుపచ్చ టిక్కులు, మేఘం గుర్తులు వచ్చాయి. వన్‌డ్రైవ్ నిండిందని హెచ్చరిక వస్తోంది. దాన్ని ఆపితే డెస్క్‌టాప్ ఖాళీ అయిపోయింది!
— డిగ్రీ విద్యార్థిని, అచ్చంపేట

జ: మీ డెస్క్‌టాప్ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్, అంటే మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్‌లో ఇచ్చే నిల్వ చోటు, తనలోకి తీసుకుంది. ఉచితంగా వచ్చేది 5 జీబీ. నాలుగు వీడియోలకే నిండుతుంది. బ్యాకప్ ఆపినప్పుడు విండోస్ మళ్లీ పాత డెస్క్‌టాప్ ఫోల్డర్‌ను చూపిస్తుంది, ఫైళ్లేమో వన్‌డ్రైవ్ లోపలి డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో ఉండిపోయాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు వన్‌డ్రైవ్ తెరిచి ‘డెస్క్‌టాప్’లోకి వెళ్లండి. మేఘం గుర్తున్నవి ఇంటర్నెట్‌లోనే ఉన్నాయి, కంప్యూటర్లో లేవు. వాటిని ఎంచుకుని కుడి బటన్ నొక్కి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ ఇచ్చి, దిగేదాకా ఆగండి. అన్నీ దిగాకే కట్ చేసి డి డ్రైవ్‌లో పెట్టుకోండి. టిక్కు రాకముందే వన్‌డ్రైవ్ తీసేస్తే ఆ ఫైళ్లు తెరుచుకోవు.

ప్ర: ఎరువుల దుకాణం. కంప్యూటర్ ఆన్ చేశాక ఐకాన్లు రావడానికి నిమిషం పైగా పడుతోంది. ఐకాన్లు ఎక్కువైతే ఇంతేనా?
— నాగర్‌కర్నూల్

జ: యాభై షార్ట్‌కట్లకు కంప్యూటర్ అలసిపోదు. గోదాములోని రెండో కంప్యూటర్ ఫోల్డర్లకు ఐకాన్లు పెట్టుకున్నారేమో చూడండి. ఆ కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు విండోస్ దానికోసం తలుపు తట్టి, జవాబు రాక ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపే మీ నిమిషం. అలాంటి షార్ట్‌కట్లన్నిటినీ ‘గోదాము’ అనే ఒక ఫోల్డర్‌లో వేస్తే, ఆ ఫోల్డర్ తెరిచినప్పుడే వెతుకుతుంది. షార్ట్‌కట్‌లో అంకెల ఐపీ చిరునామా కాకుండా కంప్యూటర్ పేరు ఉండాలి. రౌటర్ ఆపి వేస్తే అంకెలు మారిపోవచ్చు, పేరు మారదు.

ప్ర: వయసు మీద పడింది. బొమ్మలు చిన్నగా ఉన్నాయి, రెండుసార్లు నొక్కబోతే చెయ్యి వణికి ఐకాన్ పక్కకు జరుగుతోంది.
— విశ్రాంత ఉద్యోగి, గద్వాల

జ: డెస్క్‌టాప్ ఖాళీ చోట నొక్కి, కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం ముందుకు తిప్పండి, బొమ్మలు పెద్దవవుతాయి. కింది అక్షరాలు మాత్రం దానితో పెరగవు. సెట్టింగ్స్‌లో ‘యాక్సెసిబిలిటీ’, ‘టెక్స్ట్ సైజ్’కు వెళ్లి పెంచుకోండి. విండోస్ 10లో అది ‘ఈజ్ ఆఫ్ యాక్సెస్’ కింద ఉంటుంది. వందనుంచి 225 శాతం దాకా పోవచ్చు, 140 దగ్గర మొదలుపెట్టి చూడండి.

చెయ్యి వణుకుకు రెండు సదుపాయాలున్నాయి సార్. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ‘ఆప్షన్స్’లో ‘సింగిల్ క్లిక్ టు ఓపెన్’ ఎంచుకుంటే ఒక్కసారి నొక్కితే చాలు, తెరుచుకుంటుంది. ఐకాన్ జరగకుండా డెస్క్‌టాప్ మీద కుడి బటన్, ‘వ్యూ’లో ‘ఆటో అరేంజ్ ఐకాన్స్’ పెట్టండి. పొరపాటున లాగినా మళ్లీ వరుసలోకే వచ్చి కూర్చుంటుంది.

చిన్న ప్రశ్నలు

ఐకాన్ తెల్ల కాగితంలా మారింది (సూర్యాపేట): ఒక్కటే అయితే అది చూపించే ప్రోగ్రాం పోయిందో, చోటు మారిందో ఉంటుంది. తీసి మళ్లీ చేసుకోండి. అన్నీ తెల్లబడితే టాస్క్ మేనేజర్‌లో ‘విండోస్ ఎక్స్‌ప్లోరర్’ను ఎంచుకుని ‘రీస్టార్ట్’ నొక్కండి.

షార్ట్‌కట్ డిలీట్ చేయబోతే అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతోంది (భువనగిరి): ఆ ప్రోగ్రాంను ఇన్‌స్టాల్ చేసినప్పుడు కంప్యూటర్ వాడే అందరి కోసమూ పెట్టారు. దాని ఐకాన్ ఉమ్మడి డెస్క్‌టాప్‌లో ఉంటుంది. మీరు తీస్తే అందరికీ పోతుంది కాబట్టి అడుగుతుంది.

వాట్సాప్‌కు ‘సెండ్ టు’ రావడం లేదు (కొల్లాపూర్): స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లకు అది ఉండదు. స్టార్ట్ మెనూలో ‘ఆల్ యాప్స్’ జాబితానుంచి దాన్ని పట్టుకుని డెస్క్‌టాప్ మీదికి లాగండి.

కంట్రోల్, ఆల్ట్, టి పెట్టుకుంటే ట్యాలీ తెరుచుకునేది, ఇప్పుడు లేదు (నారాయణపేట): ఆ షార్ట్‌కట్‌ను సర్దుబాటులో ఏదైనా ఫోల్డర్‌లోకి జరిపి ఉంటారు. కీలు పనిచేయాలంటే షార్ట్‌కట్ డెస్క్‌టాప్ మీదనో స్టార్ట్ మెనూలోనో ఉండాలి. బయటికి తెచ్చి, ప్రాపర్టీస్‌లో కీ మళ్లీ పెట్టండి.